మూడు వరహాల గంగాళం

కత్తి పడితే ఏడుగురిని ఒంటిచేత్తో నిలవరించగల వజ్రసాల రాకుమారుడు రిపుంజయుడికి, ఆ ఉదయం అరచేతి వెడల్పు రాగి రేకు ముందు ముచ్చెమటలు పోశాయి.

"కుంతలగిరి వర్తకుడు ఏనుగును తోలుకొచ్చాడు. డబ్బు ఇంకా ఇవ్వలేదు. రేకు రెండు సగాలు చేశాం. ఒక సగం ఏనుగు మెడకు కట్టాం. రెండోది ఎక్కడ పెడతావురా?" అని అడిగింది మాచలాంబ.

"రెండోదెందుకమ్మగారూ? వచ్చింది ఒక్క ఏనుగే కదా!"

మాచలాంబ తాంబూలాన్ని ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి, బెత్తంతో అతని వీపు మీద ఒక్కటి అంటించింది. వజ్రసాల సింహాసనానికి వారసుడి వీపు మీద అంతవరకూ ఎవరి చెయ్యీ పడలేదు. అయినా పళ్లు బిగించుకుని ఊరుకున్నాడు. ఈ తామ్రద్వీపంలో అతను రాకుమారుడు కాడు. కూటి కోసం పద్దులు నేర్చుకోవడానికి వచ్చిన సింగన.

ఈ వేషానికి కారణం అతని అక్క ఇందీవర. ధూమజిహ్వుడనే మాంత్రికుడు ఆమెను ఉద్యానవనంలోంచి ఎత్తుకుపోయి, ఏదో ఒక వస్తువుగా మార్చి, లోకంలోని వస్తువులన్నీ పోగుపడే తామ్రద్వీపపు అక్షయ భాండారంలో దాచడానికి బయల్దేరాడు. ఆ ద్వీపపు కొలిమిలో అగ్నిపర్వతపు మంట మండుతుంది. ఆ మంటలో ఆమెను కరిగించి కంకణం చేసి తొడుక్కుంటే సముద్రాలన్నీ తన మాట వింటాయని వాడి ఆశ. ఇసుకదిబ్బల మీద తపస్సు చేసుకునే ముని ఒకాయన ఇదంతా దివ్యదృష్టితో చూసి, రిపుంజయుడికి ఉపాయం చెప్పాడు. ఆ వస్తువును తాకి అక్కను పేరు పెట్టి పిలవాలి. ఒక్కసారే పిలవాలి, గురి తప్పితే ఇక ఆ పిలుపుకు శక్తి ఉండదు. పైగా, ఆ వస్తువు మీద ఇంకొకరి హక్కు ఉన్నంతకాలం పిలిచినా ఆమె పలకదు.

లక్ష వస్తువుల్లో ఏది అక్క? కత్తి దూసి ఎవరిని అడగాలి? కాబట్టి కత్తిని నూనెగుడ్డలో చుట్టి పడుకునే చాప కింద దాచి, రాకుమారుడు మాచలాంబ కాళ్ల మీద పడ్డాడు. ఆవిడ భాండారానికి పెద్ద పద్దుదారు. పల్లకీలో వచ్చి పల్లకీలో పోయేది. లెక్కల్లో తన అంతటిది ఏడు దీవుల్లో లేదని రోజుకోసారైనా తనే చెప్పుకునేది. దురదృష్టవశాత్తూ అది నిజమే.

అక్షయ భాండారమంటే ఒక గది కాదు, ఒక మేడ కాదు. సముద్రానికి ఎదురొడ్డి నిలిచిన ఎర్రరాతి కొండను తొలిచి కట్టిన నగరమది. తూర్పున వస్తుశాల. పగడపు స్తంభాల వరసలు, వాటి నడుమ దంతపు పల్లకీలు, నెమలి పింఛాల గొడుగులు, మువ్వల జీనులు, మరకత పీఠాలు, కప్పును తాకేలా పేర్చిన పట్టుమూటలు. పడమట కర్తలశాల, అంటే సొమ్ము రావలసినవాళ్ల శాల. అక్కడ వస్తువన్నది ఒక్కటీ కనిపించదు. గోడల నిండా గూళ్లు, గూటికొక పేరు. రెండు శాలల మధ్య విశాలమైన ముంగిలి, ముంగిట్లో ఏనుగులను తూచగల ధర్మత్రాసు, దాని పాదాల దగ్గర ఎనిమిది కాళ్ల రాతి శరభం.

ద్వీపవాసుల పద్ధతి ఇది. లోపలికి ఏది వచ్చినా వాకిట్లో దాని వెలకు తగిన బరువున్న రాగి రేకు తీసి మధ్యకు విరుస్తారు. ఒక సగం వస్తువుకు కడతారు. రెండో సగం తెచ్చినవాడి చేతికిస్తారు. వాడు దాన్ని కర్తలశాలకు తీసుకుపోయి తన పేరున్న గూట్లో వేయించుకోవాలి. అతనికి రావలసిన సొమ్ముకు అదే సాక్ష్యం. పొద్దు వాలేలోగా ఆనాటి వస్తువుల సగాలను తూర్పు తట్టలో, కర్తల సగాలను పడమటి తట్టలో వేస్తారు. త్రాసు ముల్లు నిటారుగా నిలిస్తే అందరూ ఇళ్లకు పోతారు. నిలవకపోతే శరభం కళ్లు తెరిచి, ఆనాటి పద్దు చూసినవాణ్ణి మింగుతుంది. అందుకే అక్కడ పద్దుదార్లకు జీతం ఎక్కువ, ఆయుష్షు తక్కువ.

"ఏది వచ్చినా రెండు ప్రశ్నలు. ఏం వచ్చింది? ఎక్కడినుంచి వచ్చింది? జవాబులు రెండు, వస్తువు ఒకటి. అర్థమైందా, మొద్దూ?" అంది మాచలాంబ.

"అయింది."

"కాలేదు. సరే, రాజుగారు తన ముత్యాల హారం తెచ్చి భాండారంలో పెట్టారు. రెండో సగం ఎవరి గూట్లో?"

"ఎవరి గూట్లోనూ కాదు. భాండారమే ఆయనది కదా!"

బెత్తం మళ్లీ లేచింది. "భాండారం వేరు, రాజు వేరు. ఆయన పెట్టుబడి పెట్టాడు. మనం ఆయనకు బాకీ. రేపు ఆయనే వచ్చి పిడికెడు వరహాలు కావాలన్నా, ఆయన గూట్లోంచి తగ్గించుకునే ఇస్తాను."

రాజు రాజుకే బాకీ పడటం రిపుంజయుడికి విడ్డూరంగా తోచింది. తర్వాత, తండ్రి కోశాగారంలో చెయ్యి పెట్టి అందినంత తీసుకుని గుర్రాల మీద తగలేసిన రోజులు గుర్తొచ్చి కొంచెం సిగ్గు కూడా వేసింది.

అలా నెలలు గడిచాయి. దీపాల్లో నూనె మండిపోతే నూనె రేకు తీసి, దాని చోట ఖర్చు రేకు వెయ్యాలని నేర్చుకున్నాడు. పోయినదానికి కూడా లెక్కలో చోటుండాలి, లేకపోతే ఎందుకు పోయిందో ఎవరూ అడగరు. ఏడాది వాడిన జీను కొత్త జీను కాదని, అందుకని సంవత్సరానికోసారి దాని రేకు అంచు కత్తిరించి తరుగు కింద పెట్టాలని నేర్చుకున్నాడు. ఒకసారి, "ఈ మరకతం బజారులో ఇప్పుడు పదింతలు పలుకుతోందట, రేకు మార్చమంటారా?" అని ఉత్సాహంగా అడిగి తిట్లు తిన్నాడు. "బజారు పూటకో మాట చెబుతుంది. ఏ వెలకు గడప దాటి లోపలికి వచ్చిందో అదే దాని వెల. నీ ఊహలకు రేకులు విరవను" అంది మాచలాంబ.

నేర్చుకున్నకొద్దీ రిపుంజయుడికి ఒక ఆశ కలిగింది. అక్కను ఎవరూ అమ్మలేదు, ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి ఆమె ఏ వస్తువుగా ఉన్నా, దానికి వస్తుశాలలో సగం ఉంటుంది, కర్తలశాలలో సగం ఉండదు. జత లేని రేకు దొరికితే అక్క దొరికినట్టే. ఆమె వీణ అయివుంటుందని అతనికి గట్టి నమ్మకం. కాకపోతే వజ్రాల వడ్డాణం. వజ్రసాల రాకుమార్తె అంతకంటే తక్కువ దేనిగా మారుతుంది?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అది రిపుంజయుడు ఎవరికీ చెప్పుకోలేదు.

అతను ఒంటరిగా పద్దు చూసిన మొదటి రోజున రేవులో ఓడలు ఒకేసారి దిగాయి. వంటపాత్రల బళ్లు వాకిట్లో బారులు తీరాయి. బిందెలు, గుండిగలు, గరిటెలు, అండాలు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. బండివాళ్లు అరుస్తున్నారు. ఎద్దులు రంకెలు వేస్తున్నాయి. పొద్దు వాలింది. సగాలన్నీ త్రాసులో పడ్డాయి. ముల్లు తూర్పుకు ఒరిగింది.

ఎక్కువ కాదు, కొంచెం. మూడు వరహాలంత. ఎక్కడో ఒక సగం తక్కువైంది.

అతను రేకులన్నీ తిరగేశాడు. వాకిలంతా గాలించాడు. బళ్ల కింద దూరాడు. ఏ వర్తకుడి సగమో హడావిడిలో పారేసుకున్నానని అనుకున్నాడు. ఈలోగా రాతి శరభం కనురెప్ప నుంచి సున్నపు పొడి రాలింది. దాని మూతి దగ్గర గాలి వేడెక్కింది. కత్తి వాకిలి అవతల చాప కింద ఉంది. ఉన్నా రాతిని ఏం చేస్తుంది? ప్రాణభయం ఎంతటివాడికైనా ప్రాణభయమే. రిపుంజయుడు కత్తెర తీసుకుని, మూడు వరహాల ఎత్తు రాగి ముక్క కత్తిరించి, దాని మీద 'ఉత్తర దేశపు వర్తకుడు' అని గీకి, పడమటి తట్టలోకి విసిరాడు. ముల్లు నిటారుగా నిలిచింది. శరభం మళ్లీ రాయి అయింది.

మర్నాడు మాచలాంబ వచ్చి, "ఫరవాలేదురా, మొదటి రోజే సరిపుచ్చావు" అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు అతనికి తియ్యగా ఉంది. తప్పు చేశానన్న బాధ రెండు రోజులు ఉండి పోయింది.

ఏడాది ముగింపు రోజు రానే వచ్చింది. ఆ రోజు ఒక్క పూట లెక్క కాదు, మొత్తం లెక్క. రెండు శాలల్లోని రేకులన్నిటినీ గంపలకెత్తి తెచ్చి ధర్మత్రాసులో పోస్తారు. బయటివాళ్లెవరూ ఆవరణలో ఉండకూడదు. భాండారంలో ఖాతా గానీ, కొలువు గానీ లేనివాడు కనిపిస్తే శరభం తరుముతుంది. పనికిరాని పాత సామానంతా ఆ రోజే కొలిమికి పోతుంది.

మధ్యాహ్నానికి రాగి కొండలు రెండూ తట్టల్లో లేచాయి. ఎండలో వాటివైపు చూస్తే కళ్లు జిగేలుమన్నాయి. గొలుసులు కిర్రుమన్నాయి. త్రాసు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి, నెమ్మదించి, ఆగింది. ముల్లు వెంట్రుకవాసి కూడా అటూఇటూ కాలేదు.

చుట్టూ ఉన్నవాళ్లు జయజయధ్వానాలు చేశారు. రిపుంజయుడి మొహం మాత్రం మాడిపోయింది. అంతా సమానమైతే జత లేని రేకు లేదు. జత లేని రేకు లేకపోతే అక్క ఇక్కడ లేదు. ముని పొరబడ్డాడా? ఈ ఏడాదంతా బెత్తం దెబ్బలు వృథాగా తిన్నాడా? అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

"ఏంట్రా ఆ మొహం? సమంగా ఉంటే సంతోషించాలి గాని!" అంది మాచలాంబ.

"సమంగా ఉందంటే అంతా సరిగ్గా ఉన్నట్టేనా అమ్మగారూ?"

"ఎవరు చెప్పారు నీకు?" ఆవిడ చిరాకుపడింది. "సమంగా ఉందంటే రెండు తట్టల్లోనూ ఒకే బరువుందని అర్థం. అంతే. త్రాసుకు బరువు తెలుసు, నిజం తెలియదు. నువ్వు ఒక అబద్ధాన్ని సరైన బరువుకు కత్తిరించి వేశావనుకో, అది దాన్నీ మోస్తుంది."

రిపుంజయుడు గిరుక్కున త్రాసు వైపు తిరిగాడు.

సరైన బరువుకు కత్తిరించిన అబద్ధం. మూడు వరహాల రాగి ముక్క. ఆనాడు అతను సగాన్ని పారేసుకోలేదు! జత లేని వస్తువు ఆ రోజే వాకిట్లోకి వచ్చింది. దానికి తన చేత్తోనే దొంగ జత కట్టాడు. మూడు వరహాల పాత్ర... ఆ బళ్లలో మూడు వరహాల వెలకట్టినది ఒక్కటే. చొట్టలు పడ్డ రాగి గంగాళం.

ఆ గంగాళం అతనికి బాగా తెలుసు. పద్దుల అరుగు పక్కనే పడి ఉండేది. మధ్యాహ్నాలు కునుకు తీసేటప్పుడు బోర్లించి దాని మీద కాళ్లు చాపుకునేవాడు. అక్క నెత్తిన కాళ్లు పెట్టుకుని నెలల తరబడి నిద్రపోయాడన్నమాట.

"గంగాళం! అరుగు పక్క గంగాళం ఏదీ?"

"కొలిమికి పోయింది. కొత్త కొలిమి పెద్ద పొద్దున్నే ఏరుకుపోయాడు. దానికి గగ్గోలెందుకు?"

అప్పటికే అతను పరుగు లంకించుకున్నాడు. ముంగిలి దాటి, పట్టుమూటల మీదుగా ఎగిరి, పల్లకీల వరస కింద పాకి, గొడుగుల గుట్టను కూలదోసుకుంటూ కొండ అంచుకు చేరాడు. అక్కడ భూమి నోరు తెరిచినట్టు కొలిమి గొయ్యి ఉంది. అడుగున అగ్నిపర్వతపు ఎర్రని రసం సుడులు తిరుగుతోంది. గొయ్యి మీదుగా లావుపాటి ఇనుప గొలుసు కదులుతోంది. గొలుసు కొక్కేలకు విరిగిన సామాను వేలాడుతోంది. కొక్కెం నడిమికి రాగానే తలకిందులవుతుంది. ఒక కంచుగంట పడి, ఆవిరైంది. దాని వెనక ఇత్తడి సింహం పడింది. ఆ వెనక కొక్కేనికి గంగాళం ఉంది.

గట్టు మీద నిలబడి చక్రం తిప్పుతున్న గూని, మసిగడ్డపు కొలిమి పెద్ద అతన్ని చూసి చక్రం వేగం పెంచాడు.

రిపుంజయుడు గట్టు మీదనుంచి దూకాడు. గొలుసు చేతికి చిక్కింది. అరచేతులు చుర్రుమన్నాయి. వేలాడుతూనే కాళ్లతో గంగాళాన్ని పట్టుకున్నాడు. కొక్కెం తలకిందులైంది. గంగాళం బరువంతా అతని పాదాల మీద పడింది. నిన్నటిదాకా ఆ పాదాలు దాని మీద విశ్రాంతి తీసుకున్నాయి. ఇవాళ అదే వాటికి వేలాడుతోంది. గొలుసు అవతలి గట్టు చేరగానే గంగాళంతో సహా దొర్లి పడి, దాన్ని ఎత్తుకుని ముంగిట్లోకి పరుగెత్తాడు.

"దొంగ! దొంగ!" అని కేకలేస్తూ కొలిమి పెద్ద వెంటపడ్డాడు. కాపలావాళ్లు ఈటెలు అడ్డం పెట్టారు. మాచలాంబ ముందుకొచ్చింది.

"ఇది భాండారపు సొత్తు. ఉత్తర దేశపు వర్తకుడికి బాకీ ఉన్నది. నీకేం పనిరా దీంతో?"

"ఉత్తర దేశపు వర్తకుడు లేడమ్మగారూ. నేనే కల్పించాను. ఆ రేకు నేనే కత్తిరించాను. లెక్క తప్పితే శరభం మింగుతుందని భయపడి చేశాను. ఇది గంగాళం కాదు, మా అక్క. నా పేరు సింగన కాదు, వజ్రసాల రిపుంజయుణ్ణి."

మాచలాంబ నోట్లోని తాంబూలం నమలడం ఆపేసింది. అతను రాకుమారుడన్న మాట ఆవిడకు పట్టనే లేదు.

"నా లెక్కలో దొంగ రేకు వేశావా? మొదటి రోజే? నేను నిన్ను మెచ్చుకున్నాను కదరా!" ఆవిడ బెత్తాన్ని అవతల పడేసింది. కోపమా దుఃఖమా చెప్పలేం. "తియ్యి. నువ్వు వేసినది నువ్వే తియ్యి. శరభం లేస్తుంది. లేవనీ."

రిపుంజయుడు గంగాళాన్ని చంకన పెట్టుకునే పడమటి తట్ట పక్కన నిలబడి రేకులు గాలించాడు. రేకులన్నిటి అంచులూ విరిచినట్టు గరుకుగా ఉన్నాయి. కత్తెరతో కోసిన నున్నని అంచు ఒక్కటే. వెతికి పట్టుకున్నాడు. ఈ దొంగ పేరు తొలగిస్తే అక్క మీద ఎవరి హక్కూ ఉండదు. మరుక్షణమే పిలవొచ్చు. ఆ తర్వాత శరభం మింగితే మింగనీ అనుకుని రేకును బయటికి విసిరేశాడు.

ముల్లు తూర్పుకు ఒరిగింది. రాతి శరభం ఒళ్లు విరుచుకుంది. పెళ్లలు పెళ్లలుగా సున్నం రాలి, అడుగునుంచి పసుపుపచ్చని రోమాలు పైకొచ్చాయి. ఎనిమిది కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి పీఠం దిగాయి. దాని నోరు రిపుంజయుడి తల మీదికి వచ్చింది. అతను గంగాళం మీద చెయ్యి వేసి, "ఇందీ..." అనబోయాడు.

"ఆగు!"

కొలిమి పెద్ద నడుము దోపులోంచి ఒక రాగి సగం తీసి పడమటి తట్టలోకి విసిరాడు. ముల్లు నిలువునా నిలిచింది. శరభం నోరు మూసుకుంది. మాచలాంబ తూర్పు తట్టలోని గంగాళపు సగాన్నీ, ఇప్పుడు పడ్డ సగాన్నీ ఒకేసారి తీసి పక్కపక్కన పెట్టింది. విరిగిన అంచులు ఒకదానిలో ఒకటి చక్కగా అమరాయి. పడమటి రేకు మీద పేరు స్పష్టంగా ఉంది. ధూమజిహ్వుడు.

కొలిమి పెద్ద గూని మాయమైంది. మసి పట్టిన గడ్డం పొగగా మారి పైకి లేచింది. నల్లని నాలుక బయటపెట్టి మాంత్రికుడు నవ్వాడు.

"నీకు ప్రాణభిక్ష పెట్టాను కుర్రవాడా. ఇప్పుడు ఎంతైనా పిలుచుకో, అది పలకదు. నా రేకు ఉన్నంతసేపూ నా హక్కు ఉన్నట్టే. పద్దుదారమ్మా, భాండారం నాకు బాకీ ఉందా, లేదా?"

మాచలాంబ రెండు సగాలనూ మరోసారి చూసి, మళ్లీ వాటి వాటి తట్టల్లో వేసింది. ఇష్టం లేకపోయినా అబద్ధం చెప్పడం ఆవిడకు చేతకాదు. "ఉంది" అంది.

"అయితే నా గంగాళం నాకిచ్చెయ్."

శరభం మాంత్రికుడి పక్కకు వెళ్లి కాపలాగా నిలబడింది. అది ఖాతాదారును కాపాడుతుంది. వాడెలాంటివాడో దానికి అనవసరం. రిపుంజయుడు గంగాళాన్ని రెండు చేతులా గుండెకు అదుముకున్నాడు.

"గంగాళం ఎందుకిస్తాను?" అంది మాచలాంబ. "దాచిపెట్టమని ఇచ్చావా? వాకిట్లో అమ్మకం రేకు విరిపించుకున్నావు. అమ్మినవాడికి వెల బాకీ గాని వస్తువు బాకీ కాదు. ఎంతకు లోపలికి పంపావు?"

మాంత్రికుడి నవ్వు కొంచెం తగ్గింది. విలువ తక్కువ చెబితేనే పాత సామానులో కలిసి కొలిమికి పోతుందని ఆనాడు వాడే వెల చెప్పుకున్నాడు.

"అది వజ్రసాల రాకుమార్తె! దాని వెల లక్షలు!"

"నాకు తెలిసింది రేకే. ఏ వెలకు లోపలికి వచ్చిందో అదే దాని వెల." ఆవిడ భాండారపు నగదు పెట్టెలోంచి మూడు వరహాలు తీసి వాడి కాళ్ల దగ్గర పడేసింది. పడమటి తట్టలోంచి వాడి సగాన్ని, తూర్పు తట్టలోంచి ఆ మూడు వరహాల నగదుకున్న రేకును తీసి రెండూ కొలిమివాళ్లకు అందించింది. ముల్లు కదలలేదు. "చెల్లు. నీ ఖాతా మూసేశాను. ఒరేయ్, ఇప్పుడు పిలవరా!"

"ఇందీవరా!"

చొట్టలు పడ్డ రాగి ఒక్కసారి కాగి కరిగి మెరిసింది. గంగాళం అంచు నుంచి జుట్టు జాలువారింది. పిడులు రెండూ చేతులయ్యాయి. తామరపూల గాలి వీచినట్టయింది. చూస్తుండగానే వజ్రసాల రాకుమార్తె ఇందీవర ముంగిట్లో నిలబడి, నడుము పట్టుకుని మూలిగింది. ఏడాది తర్వాత అక్కను చూసిన రిపుంజయుడు చిన్నపిల్లవాడిలా భోరుమన్నాడు.

ఆమె మొదటి మాట అతన్ని గురించి కాదు.

"మూడు వరహాలా?" అంది. "నన్ను మూడు వరహాలకు అమ్మాడా వీడు?"

ముల్లు పడమటికి ఒరిగింది. గంగాళం లేదు కదా, దాని సగం తూర్పు తట్టలోంచి ఎగిరి కింద పడింది! శరభం రిపుంజయుడి వైపు తిరిగేలోగా మాచలాంబ గబగబా గంగాళపు సగం మీద అతని పేరు గీకి తూర్పు తట్టలో వేసి, దాని దారాన్ని అతని మెడకు కట్టింది. "వస్తువు పోయింది. తీసుకున్నవాడు మనకు బాకీ. బాకీదారు కూడా భాండారపు ఆస్తేరా, ఇది గుర్తు పెట్టుకో" అంది. ఆవిడ పాఠం చెప్పని సమయమంటూ లేదు. ముల్లు మళ్లీ నిలిచింది.

కానీ శరభం పీఠం ఎక్కలేదు. ముంగిట్లో ఇప్పుడు ఖాతా, కొలువు రెండూ లేనివాళ్లు ఇద్దరున్నారు.

అది మొదట మాంత్రికుడి మీదికి ఉరికింది. వాడు వరహాలను పిడికిట పట్టి, గబుక్కున గద్ద రూపం ఎత్తి, ప్రహరీ మీదుగా సముద్రం వైపు ఎగిరాడు. శరభం వెనుతిరిగి ఇందీవర వైపు నోరు తెరిచింది.

"పారిపో అక్కా! నువ్వు ఇక్కడ ఉండకూడదు!" అని రిపుంజయుడు అరిచాడు.

ఇందీవర పారిపోలేదు. శరభం నోరు ఎక్కడికి చేరుతుందో, ఎక్కడికి చేరదో ఒక్క చూపులో లెక్కేసుకుంది. దాని ముందుకాలు మీద అడుగు పెట్టి, జూలు పట్టుకుని వీపు మీదికి ఎక్కింది. అక్కడికి ఆ మృగం నోరు అందదు. అది గిరగిరా తిరిగింది, ఎగిరింది, స్తంభాలను ఢీకొట్టింది. ఆమె వదల్లేదు. చివరికి దాని కళ్లు ఆకాశంలో పోతున్న గద్ద మీద పడ్డాయి. ఎనిమిది కాళ్లూ ఒక్కసారి నేలను తన్ని, ప్రహరీ దాటి, అలల మీద అడుగులేస్తూ పరుగు తీసింది.

"అక్కా, ఉండు! నేనూ వస్తున్నా!"

రిపుంజయుడు ద్వారం దాకా పరుగెత్తాడు. గడప మీద కాలు పెట్టగానే మెడలోని దారం పలుపులా బిగిసి అతన్ని వెనక్కి విసిరికొట్టింది. లేచి మళ్లీ ఉరికాడు. మళ్లీ వెల్లకిలా పడ్డాడు.

"బాకీ తీరేదాకా భాండారపు ఆస్తి గడప దాటదు" అంది మాచలాంబ. అతని చేతులు కాలి బొబ్బలెక్కడం అప్పుడే చూసి, ఆవిడ మొహం కొంచెం మెత్తబడింది.

"మూడు వరహాలే కదమ్మగారూ! నా జీతంలోంచి కోసుకోండి!"

"శిష్యుడికి జీతమేమిటి?"

"అయితే మీరు అప్పివ్వండి!"

"పద్దుదారు అప్పిస్తే ఆ పద్దు ఎవరు చూడాలి? నా చేతులూ కట్టేసే ఉన్నాయిరా."

నీటి మీద శరభం చిన్నదైపోతోంది. గాలిలో ఇందీవర కేక లీలగా వినిపించింది. ఆమె తమ్ముణ్ణి పిలుస్తోందో, గద్దను తిడుతోందో తెలియలేదు. వజ్రసాల కోశాగారంలో వరహాలు రాశులుగా పడి ఉన్నాయి. వాటికి వారసుడైనవాడు గడప ఇవతల మోకాళ్ల మీద కూర్చుని, కొలువువాళ్లలో ఒక్కొక్కరి దగ్గరా చెయ్యి చాపాడు. ముగింపు రోజున ఎవరి మొలలోనూ సొంత డబ్బు ఉండకూడదని నియమం. ఆ సాయంత్రం అతనికి మూడు వరహాలు పుట్టలేదు.